అద్దాలు లేని పిల్ల

గది తలుపు తీయమని రామతులసమ్మ మూడోసారి పిలిచింది. గడియ కదల్లేదు. లోపల బీరువా తలుపు కిర్రుమంది. తరువాత సొరుగు లాగిన చప్పుడు. మళ్ళీ బీరువా.

"సిందూ, పన్నెండు దాటితే డాక్టరమ్మ ఉండదంట. నీ మొగుడు పొద్దున్నే పోయి చీటీ రాయించుకొని వచ్చినాడు. ఏం చేస్తున్నావు లోపల?"

"వస్తున్నా అత్తా. చీర మార్చుకుంటున్నా."

"చీర మార్చుకునేదానికి సొరుగులన్నీ ఎందుకు లాగుతావు?"

 చప్పుడు ఆగింది.

ఆ చప్పుడు దేనికోసమో రామతులసమ్మకు తెలుసు. కోడలు వెతుకుతున్న వస్తువు ఆమె కొంగు ముడిలో ఉంది. నిన్న మధ్యాహ్నం సింధు స్నానానికి వెళ్ళినప్పుడు బీరువాలో జాకెట్ల అడుగున చేయి పెడితే దొరికింది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పెట్టె. పక్కపక్కనే రెండు మూతలు, ఒకటి నీలం, ఒకటి తెలుపు. మూత తిప్పితే గుంట, గుంటలో నీళ్ళలాంటి మందు. వాసన చూసింది. ఏ వాసనా లేదు. వాసన లేని మందు అనేసరికి ఆమెకు అనుమానం ఇంకా పెరిగింది.

పెళ్ళయి ఐదు నెలలు. పొద్దున లేవగానే పావుగంట, పడుకోబోయే ముందు పావుగంట, సింధు బాత్రూములో గడియ పెట్టుకుంటుంది. ఏందని అడిగితే మొహం కడుక్కుంటున్నానంటుంది. మొహం కడగడానికి గడియ ఎందుకన్నది రామతులసమ్మ ఐదు నెలలుగా మనసులో పెట్టుకున్న ప్రశ్న. పెట్టె దొరికాక జవాబు కూడా దొరికిందనుకుంది. పిల్లలు పుట్టకుండా వాడే మందు. పొద్దుటికొక గుంట, రాత్రికొక గుంట.

ఎవరినీ అడగలేదు. మొగుడిని అడిగితే వీధి చివరిదాకా వినపడేటట్టు అరుస్తాడు. కొడుకు కిషోర్‌ను అడిగితే పోయి పెళ్ళాన్నే అడుగుతాడు. ఎట్లాగూ ఈ రోజు కంటి కోసం ఆడ డాక్టరు దగ్గరికే పోతున్నారు. ఆ డాక్టరు నోటితోనే చెప్పించాలి, కిషోర్ ఎదురుగా.

పెరట్లో గిన్నెలు తోముతున్న ఏసమ్మ తలెత్తింది. పెద్దారవీడు నుంచి మార్కాపురం వచ్చి పన్నెండేళ్ళు. అప్పటినుంచీ ఈ ఇంట్లోనే పని.

"పాపకు ఇంకా తగ్గలేదా అక్కా?"

"తగ్గకేం. కళ్ళకలకే గదా. మూడు రోజుల్లో పోవాల."

"మూడు రోజులేంది? సోమవారం పొద్దున నేను వచ్చేసరికే ఎడమ కన్ను మిరపపండు మాదిరి ఉండె. ఏం సిందమ్మా అంటే దుమ్ము పడిందన్నది."

రామతులసమ్మ మెట్టు మీదే ఆగింది. శనివారం ఆమె గిద్దలూరు పోయింది, చెల్లెలి కూతురి సీమంతానికి. మంగళవారం మధ్యాహ్నం తిరిగి వచ్చింది. కన్ను ఏమయిందని అడిగితే ఈ పొద్దునే ఇట్లయింది అత్తా అని సింధు చెప్పింది.

"సోమవారమేనా? బాగా గుర్తుందా నీకు?"

"ఆదివారం మందిరానికి పోతా, పనికి రాను. సోమవారం వచ్చినా. గుర్తు లేకేం?"

"నాతో మంగళవారం అన్నది."

"ఏమో అక్కా. మీరూ మీరూ చూసుకోండి" అని ఏసమ్మ గిన్నె బోర్లించింది.

రామతులసమ్మ మొగుడు కాశీవిశ్వనాథం చొక్కా గుండీలు పెట్టుకుంటూ వరండాలోకి వచ్చాడు. కంభం రోడ్డులో వాళ్ళ మ్యాచింగ్ సెంటర్. చీరకు తగ్గ జాకెట్ గుడ్డలు, ఫాల్సు, లైనింగు. తొమ్మిదిన్నరకు షట్టరు ఎత్తవలసిన మనిషి పదిన్నరకు ఇంట్లోనే ఉన్నాడంటే ఆయనకూ కొంచెం బెంగగానే ఉంది. దాన్ని కోపంలోకి తిప్పుకున్నాడు.

"నేను తెచ్చిన చుక్కలతో మంగళవారం రాత్రికే సగం తగ్గిందన్నది గదా. ఆ మెడికల్ షాపాయన ముప్ఫై ఏండ్లుగా ఇస్తున్నాడు మందులు. డాక్టర్లకు పోతే డాక్టరంత రోగం చెప్తారు."

"తగ్గితే నిన్నటినుంచి దిండులో మొహం దూర్చుకొని ఎందుకు పడుకుంటది?"

"నువ్వు నందివర్ధనం పూలు నానేసి పెట్టినావు గదా. అవి పడలేదేమో."

"నేను పెట్టింది పూలు. నీ మాదిరి పేరు తెలియని సీసా పొయ్యలేదు."

పూలతో ఆగలేదన్న సంగతి ఆమె చెప్పలేదు. నిన్న ఉదయం ఎదురింటి బాలింతను అడిగి గిన్నెలో చనుబాలు తెచ్చింది. రెండు చుక్కలు సింధు కంట్లో వేసింది. తన తల్లి వేసేది, తల్లికి ఆమె తల్లి వేసేది. చెప్పుకోవాల్సినంత విషయం కాదనుకుంది.

గడియ తీసిన చప్పుడయింది. సింధు నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది. కళ్ళకలక అని కిషోర్ బజారులో కొని తెచ్చినవి. అద్దం కింద నుంచి ఎడమ చెంప మీదికి నీళ్ళు కారుతున్నాయి. చేయి గోడకు ఆనించి నడుస్తోంది. గుమ్మం దగ్గర ఆగి, అత్త ఉన్న వైపు తిరిగింది.

"అత్తా, నా బీరువాలో నుంచి ఏమన్నా తీసినారా?"

"నీ బీరువాలో నేను తీసేదేముంది? ఏం పోయింది?"

"ఏం లేదు."

"ఏం పోకుంటే అడగడమేంది?"

"ఏం లేదత్తా."

 ఇద్దరిలో ఒకరికి తీసిందెవరో తెలుసు. ఇంకొకరికి వెతుకుతున్నదేందో తెలుసు.  బయట కిషోర్ కారు హారన్ కొట్టాడు.

ఆసుపత్రి మొదటి అంతస్తులో ఉంది. మెట్ల దగ్గర సింధు అడుగు తప్పి ముందుకు తూలింది. కిషోర్ రెక్క పట్టుకున్నాడు.

"కళ్ళు మూసుకొని నడుస్తున్నావా ఏంది?" అన్నాడు.

"వెలుగు తట్టుకోలేకున్నా."

మెట్ల మీద వెలుగు లేదని రామతులసమ్మ గమనించింది.

వాళ్ళ పేరు పిలిచేసరికి పదకొండున్నర దాటింది. డాక్టర్ రాధాకుమారి గుంటూరులో చదివి, కర్నూలులో కొన్నేళ్ళు చేసి, ఈ ఊరు వచ్చి స్థిరపడిన మనిషి. ఎక్కువ మాట్లాడదు. పేషెంట్లు ఎక్కువ మాట్లాడితే పెన్ను కింద పెట్టి వాళ్ళ వైపు చూస్తుంది. అంతటితో వాళ్ళు ఆగిపోతారు.

నల్లద్దాలు తీయించి, గోడ మీది అక్షరాల బోర్డు వైపు వేలు చూపించింది.

"ఎడమ కన్ను మూసుకో. కుడి కన్నుతో చదువమ్మా."

సింధు అరచేత్తో ఎడమ కన్ను మూసుకుంది. చదవలేదు.

"పై అక్షరం."

"కనపడలేదు మేడం."

బోర్డు మీద పై అక్షరం జానెడు ఉంది. రామతులసమ్మ కూర్చున్న చోటి నుంచి అద్దాలు లేకుండానే చదవగలిగింది.

"నొప్పి ఉన్నది ఎడమ కంటికి గదా డాక్టరమ్మా" అంది. "మంచి కంటితో గూడ చదవలేదేంది?"

 డాక్టర్ ఇనుప ఫ్రేము తెచ్చి సింధు ముక్కు మీద పెట్టింది. కుడి వైపు ఒక గాజుబిళ్ళ వేసింది, తీసింది, ఇంకోటి వేసింది. నాలుగోదానికి సింధు పై వరస చదివింది. ఆరోదానికి కింది వరసదాకా వచ్చింది.

"మైనస్ ఆరున్నర" అంది డాక్టర్. "దూరం అసలు కనపడదు నీకు. అద్దాలు ఏవీ?"

"లేవు మేడం."

"ఎప్పుడు పోయినాయి?"

"ఎప్పుడూ పెట్టుకోలేదు."

"ఏం చదువుకున్నావు?"

"బీకాం."

"మైనస్ ఆరున్నరతో అద్దాలు లేకుండా బీకాం చదివినావా? బస్సు బోర్డు ఎట్ల చూసినావు?"

సింధు తల వంచుకుంది. డాక్టర్ ఆమె గడ్డాన్ని యంత్రం మీద ఆనించి, కంటి దగ్గరికి దీపం జరిపింది. నారింజరంగు మందు అద్దిన కాగితం ముక్కను కంటి అంచుకు తాకించింది. దీపాన్ని నీలానికి మార్చి చాలాసేపు చూసింది. 

"కళ్ళకలక కాదు" అంది చివరికి. "నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటది. దాని మీద పుండు పడింది. మధ్యకు చాలా దగ్గరగా ఉంది. ఏమ్మా, కాంటాక్ట్ లెన్సులు పెడతావా?"

"లేదు మేడం."

"నిజం చెప్పు. మందు దాన్ని బట్టి మారుతది."

"లేదు."

కిషోర్ భార్య వైపు చూశాడు. "లెన్సులేంది మేడం? మా ఇంట్లో అట్లాంటివేం లేవు" అన్నాడు.

రామతులసమ్మ ఎదురుచూసిన ఘడియ ఇదేననిపించింది. లెన్సులంటే ఏమిటో ఆమె పట్టించుకోలేదు. కోడలు డాక్టరు ముందు కూడా అబద్ధమాడుతోందన్నది పట్టించుకుంది. కొంగు ముడి విప్పి, పెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది ఏం మందో మీరే చెప్పండి డాక్టరమ్మా. వీని ముందర చెప్పండి. ఐదు నెలలుగా వాడుతున్నది."

సింధు ఆ చప్పుడుకు తలెత్తింది. బల్ల మీద ఏముందో ఆమెకు కనపడలేదు. కానీ చప్పుడు పోల్చుకుంది.

డాక్టర్ నీలం మూత తిప్పి, చిన్న పట్టకారుతో గుంటలో నుంచి ఒక పొర ఎత్తింది. నీళ్ళలో కనపడనిది గాలిలోకి వచ్చాక చిన్న గిన్నె ఆకారంలో మెరిసింది.

"ఇది మందు కాదమ్మా. లెన్సు. కంట్లో పెట్టుకునే అద్దం."

రామతులసమ్మ దాన్ని చూసింది, కోడలిని చూసింది. తాను పట్టుకుందామనుకున్న దొంగ వేరు, పట్టుబడిన దొంగ వేరు. అయినా దొంగ దొంగే.

"అంటే ఈ పిల్లకు అద్దాలున్నాయా?"

"అద్దాలు అవసరం. వాటి బదులు ఇవి."

"ఆహా!" రామతులసమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "అద్దాలు లేని పిల్ల కావాలని మధ్యవర్తి చేత ఒకసారి గాదు, రెండుసార్లు చెప్పించినాం. బేస్తవారిపేటలో వాళ్ళ ఇంట్లోనే, గోడ మీది క్యాలెండర్లో ఏకాదశి ఎన్నడో చదవమన్నా. గడగడ చదివింది. ఇది మోసం గాదా డాక్టరమ్మా?"

"మోసమో కాదో మీరు తేల్చుకోండి. నేను కన్ను చూస్తా." డాక్టర్ సింధు వైపు తిరిగింది. "వీటిని దేనితో కడుగుతున్నావు?"

ఇంక దాచడానికి ఏమీ లేదని సింధుకు అర్థమైంది. 

"సొల్యూషన్ అయిపోయింది మేడం. ఈ ఊళ్ళో కొంటే ఇంట్లో తెలుస్తదని మా స్నేహితురాలి అడ్రసుకు తెప్పించుకునేదాన్ని. ఈ నెల రాలేదు. పన్నెండు రోజులుగా కొళాయి నీళ్ళతో కడుగుతున్నా."

"బోరు నీళ్ళా?"

"ట్యాంకులో నుంచి వచ్చేవి."

"పడుకునేటప్పుడు తీస్తావా?"

"ఆయన నిద్రపోయినాక తీస్తా. నాకే ముందు నిద్ర పట్టిన రోజు తియ్యను."

కిషోర్ లేచి నిలబడ్డాడు. "ఐదు నెలలు ఒకే గదిలో ఉండి నాతో ఒక్కమాట చెప్పలేదే నువ్వు?"

"చెప్తే మీరు అత్తకు చెప్తారు."

"చెప్పనని ఒట్టేయించుకోవచ్చు గదా!"

"ఒట్టేసి చెప్తారు."

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. కిషోర్ కూర్చున్నాడు.

"పెండ్లికి ముందు లేజర్ చేయిద్దామని మా నాయన హైదరాబాదు తీసుకపోయినాడు మేడం" అంది సింధు. "పొర పల్చగ ఉంది, నీకు లేజర్ పనికిరాదన్నారు. అద్దాలు పెట్టుకో, లేకుంటే లెన్సు పెట్టుకో అన్నారు. అద్దాలు పెట్టుకుంటే ఈ సంబంధం లేదు. ఇంక మిగిలింది ఇదే."

"లెన్సు పెట్టుకోవడం తప్పు కాదు" అంది డాక్టర్. "శుభ్రంగా వాడితే ఏండ్లు వాడొచ్చు. కొళాయి నీళ్ళు తగలనీయడం తప్పు. పెట్టుకొని పడుకోవడం తప్పు. ఎర్రబడిన కంట్లో మళ్ళీ పెట్టడం అన్నిటికంటే తప్పు. ఈ చుక్కలు ఎవరిచ్చినారు?"

కిషోర్ జేబులో నుంచి తీసి ఇచ్చిన సీసా డాక్టర్ చేతిలో ఉంది.

"మెడికల్ షాపులో. మా నాయన తెచ్చినాడు."

"దీంట్లో స్టెరాయిడ్ ఉంది. ఎరుపు తగ్గిస్తది, నొప్పి తగ్గిస్తది. లోపలి పుండును మేపుతది. ఒకరోజు తగ్గినట్టుండి రెట్టింపయిందా?"

సింధు తల ఊపింది.

డాక్టర్ సీసాను బల్ల సొరుగులో పడేసి ముగ్గురినీ ఒకసారి చూసింది. "ఈ గదిలో ఇంకా ఎవరన్నా ఏమన్నా దాస్తుంటే ఇప్పుడే చెప్పండి. రేపు చెప్తే ఈ కంటికి ఉపయోగం లేదు."

 రామతులసమ్మ కొంగు సర్దుకుంది.

"నిన్న రెండు చుక్కలు చనుబాలు వేసినా" అంది. "ఎదురింటి పిల్లవి. ఆరోగ్యంగానే ఉండాది ఆ పిల్ల."

డాక్టర్ రాసుకుంది. ఏమీ అనలేదు. ఆ అనకపోవడం రామతులసమ్మకు తిట్టినట్టే తగిలింది. కానీ తాను కంట్లో వేసి దాచింది ఇంతే గదా, చెప్పేసింది. మెడ మళ్ళీ నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడు ముఖ్యమైనది" అంది డాక్టర్. "కన్ను ఎప్పుడు ఎర్రబడింది? రెండు రోజుల్లో ఇంత పుండు పడిందంటే అది ఒక రకం పురుగు. నాలుగైదు రోజులుగా మెల్లగా వచ్చిందంటే నీళ్ళలో ఉండే ఇంకో రకాన్ని అనుమానించాల. రెండింటికీ మందులు వేరు. పుండును కొంచెం గీరి ల్యాబుకు పంపుతా. రిపోర్టు వచ్చేలోపల ఏ దారిన మొదలుపెట్టాలో నాకు తెలియాల. ఏ రోజమ్మా?"

"మంగళవారం అన్నది నాతో" అని రామతులసమ్మ అందుకుంది. "కానీ మా పనిమనిషి సోమవారమే చూసిందంట. ఇది గూడ అబద్ధమే."

"ఆదివారం" అంది సింధు.

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"ఆదివారం పొద్దున గుచ్చినట్టుండె. లెన్సు లేకుండా అద్దంలో నా కన్ను నాకు సరిగ్గ కనపడదు మేడం, పెట్టినాక ఎట్లాగూ కొంచెం ఎర్రబడుతది. అందుకని ఈయన్ను అడిగినా, కన్ను ఎర్రగ ఉందేమో చూడండి అని. కిటికీ దగ్గర నిలబెట్టి చూసినారు. తెల్లగ ఉంది, ఏం లేదన్నారు. సరేలే దుమ్మేమో అని లెన్సు పెట్టుకున్నా. సోమవారం పొద్దున మళ్ళీ అడిగినా. మళ్ళీ తెల్లగ ఉందన్నారు. ఏసమ్మ ఎర్రగ ఉందంటే నేను నమ్మలేదు, ఈయన అంత దగ్గర నుంచి చూసి చెప్పినాక. పెట్టుకొని షాపుకు పోయినా. మంగళవారానికి తట్టుకోలేకపోయినా."

డాక్టర్ కిషోర్ వైపు తిరిగింది. "సోమవారం చూసినావా నువ్వు?"

"చూసినా మేడం."

"వెలుతుర్లో?"

"వెలుతుర్లోనే."

"ఎర్రగా లేదా?"

"నాకు... తెల్లగానే కనపడింది."

"పనిమనిషికి గిన్నెలు తోముతూ కనపడిన ఎరుపు, కిటికీ దగ్గర నిలబెట్టి చూసిన నీకు కనపడలేదా?"

 కిషోర్ డాక్టరును చూడ్డం లేదు. భార్యను చూడ్డం లేదు. తల్లిని చూస్తున్నాడు.

"కావాలనే అన్నారా?" అంది సింధు. ఆమె గొంతు ఇప్పుడు మారింది. "సోమవారం గిరాకీ ఎక్కువ, కౌంటర్లో నేను లేకుంటే జరగదని చెప్పినారా? ఎర్రగ ఉందంటే నేను ఇంట్లో ఉండిపోతానని?"

"కాదు."

"మరి కన్ను పోతున్న మనిషి రెండుసార్లు అడిగితే రెండుసార్లు తెల్లగ ఉందని ఎట్ల చెప్పినారు?"

"కాదు సిందూ."

"కాకుంటే ఏంది?"

రామతులసమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

కిషోర్ ఏడేళ్ళప్పుడు బళ్ళో మందారపువ్వు బొమ్మ గీశాడు. పువ్వుకూ ఆకులకూ ఒకే రంగు పూశాడు. గిద్దలూరులో రామతులసమ్మ తమ్ముడు చిన్నప్పుడు చేసినట్టే. కర్నూలు తీసుకుపోయి చూపిస్తే ఎరుపు, ఆకుపచ్చ తేడా ఈ పిల్లవానికి తెలియదు, ఇది తల్లి వైపు నుంచి వచ్చేది, మందు లేదు అన్నారు. తల్లి వైపు అన్న మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా సగమే చెప్పింది.

కాశీవిశ్వనాథం దానికి ఒక దారి కనిపెట్టాడు. దుకాణంలో అరలకు నంబర్లు, అరలో వరసలకు నంబర్లు రాయించాడు. చీర తెచ్చిన వాళ్ళను తానే చూస్తాడు. "నాలుగు, పదకొండు" అంటాడు. కిషోర్ నాలుగో అరలో పదకొండో వరస లాగి ఇస్తాడు. ఎన్నడూ తప్పు పోలేదు. ఈ దుకాణం పద్ధతే అంత అని బజారంతా అనుకుంటుంది. రంగుల మధ్య పెరిగిన కుర్రాడికి రంగులు తెలియవంటే ఎవరు నమ్ముతారు? సంబంధాలు చూసినప్పుడు ఎవరూ అడగలేదు. అడగనిది చెప్పలేదు. ఇంట్లో ఒక కంటి లోపం ఉంది, రెండోది రాకూడదని అద్దాలు లేని పిల్ల కావాలంది.

"చెప్పండి" అంటోంది సింధు. "డాక్టరమ్మ అడుగుతున్నది మిమ్మల్ని."

"రెండు మాటల్లో ఏదో ఒకటి నిజం కావాల" అంది డాక్టర్. "సోమవారం తెల్లగా ఉంటే నేనొక మందు మొదలుపెడతా. ఎర్రగా ఉంటే ఇంకొకటి. పనిమనిషి మాట నమ్మాల్నా, భర్త మాట నమ్మాల్నా?"

  కిషోర్ చెప్పడని రామతులసమ్మకు తెలుసు. ఏడేళ్ళ వయసులో చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నది ఆమే.

"ఏసమ్మ మాట నమ్మండి" అంది.

డాక్టర్ పెన్ను ఆగింది.

"వాడు అబద్ధం చెప్పలేదు డాక్టరమ్మా. చూసినాడు. వానికి ఎరుపు తెలియదు. పుట్టినప్పటి నుంచీ తెలియదు. తెల్లగుడ్డులో ఎరుపు వచ్చినా వానికి తేడా పడదు."

"అమ్మా!" అన్నాడు కిషోర్.

"ఊరుకో. కన్ను పోతాదంటున్నది ఆమె."

డాక్టర్ ఒక్క క్షణం కిషోర్‌ను చూసి చీటీ మీద రాయడం మొదలుపెట్టింది. "అయితే ఆదివారం నుంచి అనే లెక్క. ఇప్పుడే గీరి తీస్తా. ఈ ఊళ్ళో ఉంచితే సరిపోదు. నల్లగుడ్డు డాక్టర్లు ఉన్న పెద్దాసుపత్రికి రాస్తా, ఈ మధ్యాహ్నమే బయల్దేరాల. కన్ను దక్కుతదా లేదా నేనిప్పుడు చెప్పను. పుండు మానినా మచ్చ పడుతది. మచ్చ మధ్యలో పడితే పొర మార్చవలసి వస్తది." లేచి పక్కగదిలోకి వెళ్ళింది. లోపల నర్సుతో ఏదో చెప్పడం వినపడింది.

బల్ల చుట్టూ ముగ్గురు మిగిలారు.

సింధు ఏడవలేదు. ఎడమ కంటి నుంచి కారే నీళ్ళు ఏడుపు కాదు. వాటిని తుడుచుకుంటూ అడిగింది.

"మామకు తెలుసా?"

"తెలుసు" అంది రామతులసమ్మ.

"ఏసమ్మకు?"

రామతులసమ్మ కిటికీ వైపు చూసింది. పన్నెండేళ్ళుగా ఆరేసిన బట్టల్లో ఏది ఎవరిదో కిషోర్ అడిగేది ఏసమ్మనే.

"తెలుసు."

"అయితే ఆ ఇంట్లో తెలియంది నాకొక్కదానికేనా?"

"నీ సంగతి మాకు తెలిసిందా?" అంది రామతులసమ్మ. గట్టిగా అందామనుకుంది. అంత గట్టిగా రాలేదు.

"లేదు. నా సంగతి నేనొక్కదాన్నే మోసినా. మీరు నలుగురు మోసినారు." అత్త వైపు తిరిగి అంది, "మీరు ఒక్కమాట చెప్పి ఉంటే ఆదివారం ఇంకెవరినన్నా అడిగేదాన్ని అత్తా."

"నువ్వు ఒక్కమాట చెప్పి ఉంటే అద్దాలు పెట్టుకొని నువ్వే చూసుకునేదానివి" అన్నాడు కిషోర్.

అది నిజమే.  ఆ నిజంతో ఎవరికీ ఏమీ ఒరగలేదు.

బల్ల మీద కిషోర్ ఫోను మోగింది. అతను తెర చూసి తీయలేదు. అది మోగుతూనే ఉంది.

"ఎవరు?" అంది సింధు. తెర ఆమెకు మూరెడు దూరంలోనే ఉంది. ఆ మూరెడు దూరం ఆమెకు చాలా దూరం.

"షాపు" అన్నాడు కిషోర్.

రామతులసమ్మకు తెర కనపడుతోంది. కోడలి తండ్రి ఫొటో, కింద ఆయన పేరు. బేస్తవారిపేట నుంచి. కూతురికి కన్ను బాగాలేదని ఆయనకు ఎవరో చెప్పినట్టున్నారు, ఎత్తితే ఈ గదిలో బయటపడిందంతా ఆయనకూ చెప్పాలి.

"షాపు నుంచి మామనా?" అంది సింధు.

"ఆ."

ఫోను ఆగింది. వెంటనే మళ్ళీ మొదలైంది.

సింధు తల కొంచెం పక్కకు వంచి వింది. తరువాత భర్త వైపు కాకుండా, అత్త కూర్చున్న వైపు చేయి చాచింది. అరచేయి పైకి పెట్టి.

"మీరు చెప్పండి అత్తా. ఎవరు?"

పక్కగదిలో నుంచి డాక్టర్ పిలిచింది. కిషోర్ తల్లి వైపు చూసి చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఫోను బల్ల మీద వణుకుతూ అంచుదాకా జరిగింది. రామతులసమ్మ దాన్ని పడకుండా పట్టుకుంది.